నూట నలభై అలర్టులు, రావాల్సిన కబురు మాత్రం రాలేదు

ప్రశ్న: సార్, తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర మాకు చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. నేనూ మా ఆయనా చూసుకుంటాం. వచ్చేదంతా యూనివర్సిటీ పిల్లలు, కోచింగ్ పిల్లలు. అప్లికేషన్లు పెట్టడం, హాల్ టికెట్లు తీసివ్వడం, రిజల్ట్స్ చూసి చెప్పడం, కొంచెం డీటీపీ, ఇదీ మా పని. "అక్కా, నోటిఫికేషన్ పడిందా?" అని రోజుకు పాతికమందైనా అడుగుతారు. అందుకని పొద్దున షట్టర్ ఎత్తగానే ఇరవై సైట్లు ఒక్కొక్కటీ తెరిచి చూసేదాన్ని. గంట పట్టేది.

మా అక్క కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దసరాకు వచ్చినప్పుడు ఇది చూసి నవ్వి, పేజీ మారితే తానే చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి షాపు కంప్యూటర్లో వేసిపెట్టాడు. క్రోమ్‌లో పైన మూలన చిన్న బొమ్మలాగా కనబడుతుంది. ఇరవై సైట్లూ అందులో పెట్టి, గంటకోసారి చూసేట్టు చేసి పోయాడు. షాపు పొద్దున తొమ్మిదికి తెరిచి రాత్రి తొమ్మిదికి మూస్తాం. మొదటి రోజే 140 అలర్టులు వచ్చాయి. తెరిచి చూస్తే ఒక్కదాంట్లోనూ కొత్త సంగతి లేదు. వారం ఓర్చుకుని సౌండ్ ఆపేశాను.

ఆ తర్వాత ఒక సంస్థ తన నోటిఫికేషన్‌లో సర్టిఫికెట్ ఏ ఫార్మాట్‌లో ఉండాలో మార్చింది. మాకు తెలియలేదు. మా దగ్గర అప్లికేషన్ పెట్టిన అమ్మాయి పాత ఫార్మాట్‌ది జతచేసిందని తిరస్కరించారు. సౌండ్ ఆపినందుకే ఇట్లా అయిందనుకుని పాత అలర్టులన్నీ వెతికాను. ఆ మార్పు గురించి అసలు అలర్టే రాలేదు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. నాకు అదే ఇంకా కష్టంగా ఉంది.

ఇన్ని ఉత్త అలర్టులు ఎందుకొస్తున్నాయి? అసలుది ఎందుకు రాలేదు? తీసేసి మళ్లీ పాత పద్ధతిలో చూసుకోవడమే మేలా? ఇంకొక మాట. దర్శనం టికెట్ల పేజీకి కూడా దీన్ని పెట్టమని కొందరు అడుగుతున్నారు. పెట్టొచ్చా?

ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, తీసేయకండి. మీ అక్క కొడుకు సగం పని చేసి బస్సెక్కేశాడు. మిగతా సగం మీరు చేసుకోవాలి. దానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఏ సైటులో దేనికోసం ఎదురుచూస్తున్నారో తెలిస్తే చాలు. అది మీకు తెలిసినంతగా బెంగళూరులో ఎవరికీ తెలియదు.

మీరు రాసిన లెక్కలోనే రోగం బయటపడుతోంది. ఇరవై పేజీలు, గంటకోసారి, పన్నెండు గంటలు. అంటే రోజుకు 240 సార్లు చూస్తోంది. అందులో 140 సార్లు "మారింది" అంటోంది. పన్నెండుతో భాగించి చూడండి. మీ ఇరవైలో పదకొండో పన్నెండో పేజీలు చూసిన ప్రతిసారీ మారుతున్నాయి. మిగతా ఎనిమిది బుద్ధిగా ఉన్నాయి. కాబట్టి ఇరవైతోనూ కుస్తీ పట్టాల్సిన పని లేదు, ఆ పన్నెండింటి సంగతి చూస్తే చాలు.

ఈ సాఫ్ట్‌వేర్ ఏదైనా చేసే పని ఒకటే. పేజీని తెచ్చుకుని దాచుకుంటుంది. గంట తర్వాత మళ్లీ తెచ్చుకుని, పాతదాన్నీ కొత్తదాన్నీ వరుస వరుసా పక్కపక్కన పెట్టి చూస్తుంది. మీరు డీటీపీలో ప్రూఫు దిద్దేటప్పుడు రెండు కాగితాలు పక్కన పెట్టుకుని వేలితో గీస్తూ పోతారే, అదే. రెండు ఫైళ్ల మధ్య తేడా పట్టే ఈ పద్ధతి పాతది. బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధన సంస్థ నివేదికలో జేమ్స్ హంట్, డగ్లస్ మెకిల్‌రాయ్ అనే ఇద్దరు దీని లెక్క ఎట్లా నడుస్తుందో 1976లోనే రాశారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని 'డిఫ్' అనే ఆ చిన్న ప్రోగ్రామ్ వారసులే ఇప్పుడు మీ క్రోమ్ మూలన కూర్చున్నవి. వాటికి తేడా తెలుస్తుంది, ముఖ్యం తెలియదు. మా వైపు మామిడితోటకు కొత్తగా కావలి పెట్టుకుంటే మొదటి వారం ఉడత దూకినా కేక వేస్తాడు. దొంగ ఎట్లా ఉంటాడో మనం చెప్పలేదు కదా, ఇదీ అంతే.

ఇప్పుడు ఆ పన్నెండులో ఒక అలర్టు తెరవండి. తీసేసిన మాట ఎర్రగా, చేరిన మాట పచ్చగా చూపిస్తుంది. నా అనుభవంలో నాలుగైదు రకాలే ఉంటాయి. పేజీ పైన ఈరోజు తేదీ, టైము. కింద "ఈ సైటును ఇప్పటివరకు చూసినవారు" అనే అంకె. కుడివైపు మారుతుండే ఫొటోల కింద రాతలు. ఏదో ఒక ప్రకటన. ఇందులో చూసినవారి అంకె సంగతి భలే తమాషాగా ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ వెళ్లి పేజీ తెరిచినందుకే అంకె ఒకటి పెరుగుతుంది, పెరిగిందని అదే మీకు అలర్టు పంపుతుంది. తన అడుగుల చప్పుడుకు తానే ఉలిక్కిపడుతోందన్నమాట.

దీనికి మందు, పేజీ మొత్తాన్ని చూడమని చెప్పకుండా అందులో ఒక భాగాన్ని మాత్రమే చూపించడం. మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి మీ దగ్గరున్నది డిస్టిల్ లాంటి, బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్, అంటే ఎక్స్‌టెన్షన్. అందులో పేజీలో భాగం ఎంచుకునే వీలు ఉంటుంది. దాన్ని నొక్కి మౌస్ కదిలిస్తే పేజీలో ఒక్కో డబ్బా చుట్టూ గీత పడుతుంది. "వాట్స్ న్యూ" అనో "లేటెస్ట్ నోటిఫికేషన్స్" అనో ఉండే డబ్బాను నొక్కి దాచుకోండి. పేజీకి రెండు నిమిషాలు, పన్నెండు పేజీలకు అరగంట పని. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కూర్చుంటే అయిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పైనున్న మొదటి వరుసను మాత్రమే ఎంచుకుంటారు, కొత్తది ఎప్పుడూ పైనే పడుతుంది కదా అని. కొన్ని సైట్లలో కొత్తది కింద పడుతుంది, కొన్నిట్లో మధ్యలో దూరుస్తారు. డబ్బా మొత్తం ఎంచుకోండి. వరుసలు ఊరికే పైకీ కిందికీ మారే పేజీ అయితే, కొత్త మాట చేరినప్పుడే చెప్పు, పోయినప్పుడు చెప్పకు అని పెట్టుకునే షరతు కూడా ఉంటుంది. అది వాడండి.

మాటలు పెట్టి వడపోసే దారి ఇంకొకటి ఉంది. ఫలానా మాట కనబడితేనే అలర్టు ఇవ్వు అని. ఇంగ్లీషు పేజీలకు ఇది బాగానే పనిచేస్తుంది. కారిజెండం, అడెండమ్, రివైజ్డ్, ఎక్స్‌టెండెడ్ అనే నాలుగు మాటల్ని ఇంగ్లీషు స్పెల్లింగులో పెడితే, ఉన్న నోటిఫికేషన్లకు తర్వాత చేసే మార్పులు చాలావరకు వలలో పడతాయి. తెలుగు పేజీల దగ్గరే తంటా. మీరు "హాల్ టికెట్" అని పెడితే, పేజీలో రెండు మాటలూ కలిపి "హాల్టికెట్" అని ఉంటే పట్టదు. రెంటి మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పెట్టి టైపు చేసినా పట్టదు. డీటీపీ చేసేవాళ్లు మీరు, ఒత్తు పడకుండా విడిగా నిలబెట్టడానికి మధ్యలో నొక్కే కీ ఒకటి ఉంటుందే, దాని మాట చెబుతున్నా. అందుకని "టికెట్" అని మాత్రం పెట్టండి, మూడు రకాలుగా రాసినా దొరుకుతుంది. అట్లాగే ఒకరు చివరి తేదీ అంటారు, ఒకరు ఆఖరు తేది అంటారు, ఇంకొకరు తుది గడువు అంటారు. మూడూ పెట్టుకోవాలి. లేకపోతే తెలుగు పేజీలకు మాటల జల్లెడ వదిలేసి, డబ్బా మొత్తం చూసేట్టు పెట్టుకోవడమే సుఖం. నేను అదే చేస్తాను.

ఇంతవరకు రొద తగ్గించే సంగతి. మీ మనసులో ముల్లులా ఉన్నది రెండోది, ఆ అమ్మాయి సంగతి. అలర్టే రాలేదన్నారు. ఆ పేజీని నేను చూడలేదు గానీ, మీరు రాసిన తీరు చూస్తే జరిగింది ఇదే అయి ఉండాలి. నోటిఫికేషన్ పీడీఎఫ్‌గా ఉంటుంది. పేజీలో దానికి ఒక లింకు ఉంటుంది. సంస్థవాళ్లు పీడీఎఫ్‌లో ఫార్మాట్ మార్చి, అదే పేరుతో పాతదాని మీద ఎక్కించేశారు. పేజీలో ఒక్క అక్షరం కదల్లేదు. మీ సాఫ్ట్‌వేర్ చూసేది పేజీని, కాబట్టి దాని లెక్కలో ఏమీ జరగలేదు. తలుపుకు తాళం ఉంది, లోపల సామాను మారిపోయింది. మీరు పాత పద్ధతిలో పొద్దున్నే కూర్చుని చూసినా ఇది దొరికేది కాదు, ఎందుకంటే నిన్న చదివిన పీడీఎఫ్‌ను ఈరోజు మళ్లీ తెరిచి మొదటినుంచి చదివేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ బరువు మీ నెత్తిన పెట్టుకోవద్దు.

దీనికి విరుగుడు, గడువు నడుస్తున్న ప్రతి నోటిఫికేషన్ పీడీఎఫ్‌నూ విడిగా కాపలాలో పెట్టడం. లింకు మీద కుడి క్లిక్ కొట్టి అడ్రస్ కాపీ చేసి దాన్నే చేర్చాలి. ఈ పనికి నేను వాడేది చేంజ్‌డిటెక్షన్ డాట్ ఐఓ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మన కంప్యూటర్లోనే పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. పీడీఎఫ్‌ను ఇస్తే అందులోని రాతను బయటికి తీసి పోల్చడమే కాకుండా, ఆ ఫైలు ఎన్ని బైట్లుందో, దాని చెక్‌సమ్ ఎంతో కూడా కింద రాసుకుంటుంది. చెక్‌సమ్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, 32 అక్షరాల ముద్ర. లోపల ఒక్క చుక్క మారినా ఆ ముద్ర మొత్తం మారిపోతుంది.

ఈ వేలిముద్ర మనకు ఎందుకంత ముఖ్యమో మీకు చెబితే చటుక్కున అర్థమవుతుంది. మన ఆఫీసుల పీడీఎఫ్‌లు ఎక్కువగా రెండు రకాలు. సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసినవి. అందులో రాతే ఉండదు, అంతా బొమ్మ. రెండోది అను అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. అను నుంచి వర్డ్‌లోకి కాపీ చేస్తే ఎట్లా వస్తుందో రోజూ చూస్తుంటారు మీరు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి గీతలు. సాఫ్ట్‌వేర్‌కూ అట్లాగే కనబడుతుంది. అందులో "తేదీ" అని వెతికితే దొరకదు గాక దొరకదు. వేలిముద్రకు మాత్రం అది తెలుగా, బొమ్మా, గీతలా అన్న పట్టింపు లేదు. ఫైలు మారిందని చెబుతుంది. ఏం మారిందో మీరే తెరిచి చూసుకోవాలి. పాత కాపీ ఒకటి దాచుకుని ఉంటే పక్కన పెట్టి చూడడం పది నిమిషాల పని.

ఆ సాఫ్ట్‌వేర్ వేయడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కంప్యూటర్లో ఉండాలి, ఒకటి రెండు కమాండ్లు కొట్టాలి. అక్క కొడుకును ఫోన్లో కూర్చోబెట్టండి. సగంలో వదిలేసిన పని వాడిదే కదా. అలర్టు వస్తే టెలిగ్రామ్‌లో మీ ఫోనుకు పంపేట్టు కూడా పెట్టించుకోండి, షాపులో లేకపోయినా తెలుస్తుంది. డిస్టిల్‌ను తీసేయాల్సిన పని లేదు, పేజీలకు అది, పీడీఎఫ్‌లకు ఇది. విజువల్‌పింగ్ అని ఇంకొకటి ఉంది, ముఖ్యంగా పేజీని ఫొటో తీసి రెండు ఫొటోలను పోలుస్తుంది. మీ పనికి అంత ఉపయోగం ఉండదు, బ్యానర్ మారినా అదిరిపడుతుంది.

పేజీ కళ్లముందు మారినా కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్‌కు కనబడదు. ఇప్పుడు చాలా సైట్లు మొదట ఉత్త చట్రాన్ని పంపి, తర్వాత జావాస్క్రిప్ట్‌తో లోపలి సరుకు నింపుతాయి. చట్రం మాత్రం చూసి వచ్చే సాఫ్ట్‌వేర్‌కు అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, ఎప్పుడూ మారదు. బ్రౌజర్ లోపల నడిచే డిస్టిల్‌కు ఈ ఇబ్బంది తక్కువ. చేంజ్‌డిటెక్షన్‌లో అయితే క్రోమ్‌తో తెరువు అని విడిగా చెప్పాలి. గుర్తు పట్టడం సులువు. సాఫ్ట్‌వేర్ దాచుకున్న కాపీ తెరిచి చూడండి, మీకు పేజీలో కనబడే నోటిఫికేషన్ పేరు అందులోనూ ఉందా? లేకపోతే అది గోడను కాపలా కాస్తోందని అర్థం.

ఇక నాకు తల కొట్టేసినంత పనైన సంగతి ఒకటి చెబుతాను. చిత్తూరులో మా ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఇదే పనికి పెట్టాను. మా బావమరిది మామిడికాయల వ్యాపారం చేస్తాడు. ఒక సంస్థ తోటల కాపు వేలం వేస్తుంది, దాని ప్రకటన పడగానే చెప్పు బావా అన్నాడు. దానికేం, పెట్టేశాను. మూడు రోజులు ఒక్క అలర్టూ రాలేదు. ప్రకటన ఇంకా పడలేదు, పడితే మనది చెబుతుంది అని నేను ధీమాగా తిరిగాను. నాలుగో రోజు వాడే ఫోన్ చేశాడు, వేలం అయిపోయిందట. వెళ్లి చూస్తే కంప్యూటర్ నిద్రపోతోంది. కరెంటు పోయి వచ్చాక విండోస్ తనంతట తాను స్లీప్‌లోకి జారుకుంది. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా అందరిముందూ "మీ కంప్యూటర్ లేచిందా బావా?" అని అడుగుతాడు.

అప్పటినుంచి నేను ఒక పద్ధతి పట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. రాత్రిపూట వీధిలో గూర్ఖా విజిల్ వేస్తూ పోతాడు. దొంగ వచ్చాడని కాదు, నేను మేలుకునే ఉన్నానని చెప్పడానికి. మన సాఫ్ట్‌వేర్‌కూ అట్లాంటి విజిల్ కావాలి. రోజూ తప్పకుండా మారే పేజీ ఒకటి దాంట్లో చేర్చండి. నేను రోజువారీ పంచాంగం పేజీ పెట్టాను. పొద్దున ఫోనులో ఈరోజు తిథి వచ్చిందంటే కాపలా నడుస్తోంది. మీ షాపు తొమ్మిదికి తెరుస్తారు కాబట్టి పదిలోపు తిథి రావాలి. రాకపోతే మిగతా ఇరవై పేజీల మౌనాన్ని నమ్మకూడదు, లేచి వెళ్లి చూడాలి. మీరు సౌండ్ ఆపేసిన వారాల్లో డిస్టిల్ నడిచిందో లేదో కూడా ఇప్పుడు ఎవరం చెప్పలేం. కంప్యూటర్లోనే నడిచేట్టు పెట్టుకున్న కాపలా క్రోమ్ మూస్తే ఆగిపోతుంది. పనివాళ్లు ఎవరైనా "క్రోమ్ స్లో అవుతోంది" అని అన్నీ మూసేసి ఉన్నా ఆగిపోతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ఎప్పుడూ వద్దు అని మార్చండి. గరుడ సేవ రోజో, గంగ జాతరప్పుడో షాపు మూసేటప్పుడు, గడువు దగ్గరున్న నోటిఫికేషన్లు ఏమన్నా ఉంటే ఆ కంప్యూటర్ ఒక్కటి ఆపకుండా వదిలి వెళ్లండి.

ఎంతసేపటికోసారి చూడాలన్న సంగతి మీరు అడగలేదు గానీ, రొద తగ్గాక మీకే ఆశ పుడుతుంది, నిమిషానికోసారి పెడదామని. వద్దు. ఇరవై పేజీలు నిమిషానికోసారి పెడితే మీ పన్నెండు గంటల్లో 14,400 సార్లు తలుపు తట్టినట్టు. కొన్ని సైట్లు ఓర్చుకోవు, 429 అనో 403 అనో చూపించి దారి మూసేస్తాయి. అప్పుడు జరిగేది ఊహించుకోండి. మీ షాపులోని కంప్యూటర్లన్నీ ఒకే నెట్ లైను మీద ఉన్నాయి కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో పాటు, ఆఖరు రోజు అప్లికేషన్ పెట్టడానికి వరుసలో కూర్చున్న పిల్లలకు కూడా ఆ సైటు తెరుచుకోదు. వేరే సంస్థ సర్వర్ మీద అంత బరువు వేసి దాన్ని స్తంభింపజేస్తే ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43 కూడా ఉంది, అంతదూరం ఎందుకు. నోటిఫికేషన్లకు రెండు గంటలకోసారి చాలు. పీడీఎఫ్‌లకు రోజుకు రెండుసార్లు చాలు. రిజల్ట్స్ వస్తాయని చెప్పిన రోజు ఆ ఒక్క పేజీని పది నిమిషాలకు మార్చి, సాయంత్రం మళ్లీ వెనక్కి తిప్పేయండి.

సైటు పడిపోయినప్పుడు వచ్చే "మెయింటెనెన్స్‌లో ఉంది" అనే పేజీ కూడా మార్పుగానే లెక్కలోకి వస్తుంది, బాగైనప్పుడు మళ్లీ ఇంకో మార్పు. అందుకని అలర్టు రాగానే పిల్లల వాట్సాప్ గ్రూపులోకి తోసేయకండి. ముందు మీరు తెరిచి చూసి, తర్వాత వేయండి.

దర్శనం టికెట్ల మాట. పెట్టినా ఉపయోగం లేదమ్మా. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటాను టీటీడీ ఫలానా తేదీ, ఫలానా గంటకు అని ముందే చెప్పి విడుదల చేస్తుంది. దాచిపెట్టి ఉన్నట్టుండి వదిలే సరుకైతే కాపలాకు అర్థం ఉంటుంది. గంట తెలిసినదానికి అలారం పెట్టుకుంటే సరిపోతుంది. పైగా ఆ లోపలి పేజీ ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చి వెళితే గానీ కనబడదు, బయటినుంచి సాఫ్ట్‌వేర్ చూసేదేమీ లేదు. తేదీలు ప్రకటించే వార్తల పేజీ ఒక్కటి పెట్టుకుని, కస్టమర్లకు ఆ తేదీ చెప్పండి, వాళ్ల ఫోనులో వాళ్లనే బుక్ చేసుకోమనండి. దానంతట అదే టికెట్ పట్టేసే సాఫ్ట్‌వేర్ ఉంది, వేసిస్తాం అని ఎవరైనా షాపుకు వస్తే టీ కూడా తాగించకుండా పంపించండి. అది దళారీ పని, పోలీసు కేసులదాకా పోతుంది, తిరుపతిలో ఉంటూ మీకు నేను చెప్పాలా. సైటు పేర్లు అటూ ఇటూ మార్చి దొంగ సైట్లు కూడా తిరుగుతుంటాయి. టీటీడీ టికెట్ల సైటు అంటే అడ్రస్ చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉందా లేదా చూడకుండా దేన్నీ కాపలాలో చేర్చకండి.

పిల్లల లాగిన్‌లు, పాస్‌వర్డులు కూడా ఈ సాఫ్ట్‌వేర్లకు ఇవ్వకండి. "నా అప్లికేషన్ స్టేటస్ చూస్తుండు అక్కా" అంటారు, ముద్దుగానే ఉంటుంది. లాగిన్ అయి చూసే పేజీ ఎవరిది వాళ్లే చూసుకోవాలి.

ఇక ఆ అమ్మాయి. ఆమె విషయం ఇంతటితో ముగిసిందని నాకు అనిపించడం లేదు. నోటిఫికేషన్ మార్చి, మార్చామని ఎక్కడా చెప్పకపోతే, పాతది చూసి పెట్టినవాళ్లకు ఒక అవకాశం అడిగే న్యాయం ఉంది. దానికి కావాల్సింది రుజువు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ 2001 నుంచి పేజీల పాత కాపీలు అందరికీ చూపిస్తోంది. ఆ పీడీఎఫ్ అడ్రస్ అందులో వేసి చూడండి, ఎవరైనా ఎప్పుడైనా దాచి ఉంటే పాత రూపం తేదీతో సహా దొరుకుతుంది. ఇప్పుడున్న కొత్త పీడీఎఫ్‌ను తెరిచి ప్రాపర్టీస్ చూస్తే, అది తయారైన తేదీ, మార్చిన తేదీ చాలాసార్లు అందులోనే ఉంటాయి. ఆమె అప్లికేషన్ పెట్టిన తేదీ తర్వాత గనక మార్చి ఉంటే, ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి విన్నపానికి జతచేయండి. అది ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు చట్టం కింద, మామూలుగా 10 రూపాయల ఫీజుతో, సవరించిన నోటిఫికేషన్‌ను ఏ రోజు ఎక్కించారో, ఆ మార్పును అభ్యర్థులకు ఎట్లా తెలియజేశారో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. విన్నపం మాత్రం ఆ జవాబు కోసం ఆపకుండా ఈ వారమే పంపించమనండి.

ఇంకొకటి. ఆమె అప్లికేషన్ పెట్టిన రోజు ఆ నోటిఫికేషన్‌ను మీ షాపులోనే దించి ఉంటారు, మీరు గానీ, ఆమె గానీ, వేరే పిల్లలు గానీ. ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో అదే పేరు మీద, చివర 1, 2 అంకెలతో రెండు మూడు కాపీలు ఉండే అవకాశం ఎక్కువ. ఏది ఏ తేదీన దిగిందో పక్కనే ఉంటుంది. డిస్క్ నిండిందని మీ ఆయన అవన్నీ చెరిపేసేలోపు వెళ్లి వెతకండి.